ముందా, తర్వాతా? రాకడ గురించి మనలో మనం వాదించుకోవాల్సిన తీరు

(నరసాపురంలో యువజన కూటంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ వందనాలు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చేయండమ్మా, ఇక్కడ చోటుంది, ఫ్యాన్లు కూడా ఇటువైపే తిరుగుతున్నాయి.

మీరు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలన్నీ చదివాను. ఎక్కువమంది అడిగింది ఒకటే. సంఘం, అంటే విశ్వాసులంతా, ప్రభువుని కలుసుకోడానికి ఎత్తబడేది అంత్యకాలంలో వచ్చే మహా శ్రమలకు ముందా, తర్వాతా? ఒకరైతే "ఈసారి సూటిగా చెప్పండి మాస్టారూ" అని రాసి కింద రెండు గీతలు గీశారు. సరే, సూటిగానే చెప్తాను. తర్వాతే అని నేను నమ్ముతున్నాను. సంఘం శ్రమల్లోంచి నడుస్తుంది, చివర్లో ప్రభువు వస్తాడు, ఆయన్ని కలుసుకోడానికి మనం కొనిపోబడతాం. రెండు రాకడలు కాదు, ఒకటే రాకడ.

ఈ మాట ఈ హాల్లో నిలబడి చెప్పడం తేలిక కాదని నాకు తెలుసు. ముందు వరుసలో కూర్చున్న పెద్దల్లో చాలామంది "ముందే" అని నమ్మేవాళ్లు, నాకు బైబిలు పట్టుకోవడం నేర్పింది కూడా వాళ్లే. వాళ్ల ముందే చెప్తున్నాను, ఎందుకంటే వాళ్ల వెనకాల చెప్పడం నాకు ఇష్టం లేదు. ఇంకో సంగతి, నా మాట విని మీరంతా ఇవాళే పక్షం మార్చేసుకోవాలని నేను రాలేదు. వాక్యం పట్టుకుని ఎలా వాదించుకోవాలో, ఎక్కడ గట్టిగా నిలబడాలో, ఎక్కడ పక్కవాడికి చోటివ్వాలో మాట్లాడుకుందామని వచ్చాను.

నా కారణాలు చెప్తాను. మత్తయి 24 తీయండి, 29వ వచనం. "ఆ దినముల శ్రమ ముగిసిన వెంటనే" అని మొదలవుతుంది. ఆ తర్వాత మనుష్యకుమారుడు మేఘాల మీద రావడం, పెద్ద బూర ధ్వని, దూతలు నలుదిక్కుల నుంచి ఏర్పరచబడినవాళ్లని పోగుచేయడం. ఇప్పుడు 1 థెస్సలొనీక 4 తీయండి. అక్కడా బూర ఉంది, మేఘాలున్నాయి, ప్రధానదూత శబ్దం ఉంది, పోగవడం ఉంది. ఇవి రెండు వేరు వేరు సంఘటనలు అనాలంటే నాకు బలమైన ఆధారం కావాలి, అది నాకు దొరకలేదు. పైగా 2 థెస్సలొనీక 2లో పౌలు, మనం ఆయన దగ్గరికి పోగవడం గురించి మాట్లాడుతూనే, మొదట భ్రష్టత్వం రావాలి, పాపపురుషుడు బయలుపడాలి, అప్పటిదాకా ఆ దినం రాదు అంటాడు. సంఘం ముందే వెళ్లిపోయేదైతే, పాపపురుషుడి గురించి మీకెందుకు, మీరప్పటికి ఇక్కడ ఉండరు కదా అని ఒక్క మాటతో వాళ్ల కలవరం తీర్చేసేవాడు. ఆయన ఆ మాట అనలేదు.

మరి మేఘాల మీద కొనిపోబడటం ఎందుకు, మళ్లీ దిగి రావడానికేనా అని అడుగుతారు. మంచి ప్రశ్నే. మన ఊళ్లలో పెళ్లికి ఎదురుసన్నాహం చేస్తాం చూడండి, మగపెళ్లివారు వస్తున్నారని తెలియగానే ఆడపెళ్లివారు మేళతాళాలతో ఊరి పొలిమేర దాకా వెళ్తారు, పానకాలిచ్చి, వాళ్లని వెంటబెట్టుకుని విడిదికి తీసుకొస్తారు. ఎదురెళ్లినవాళ్లు పెళ్లికొడుకుతో పాటు అటే వెళ్లిపోరు. అపొస్తలుల కార్యములు 28లో పౌలు రోముకి వస్తున్నాడని తెలిసి అక్కడి సహోదరులు అప్పీయా సంతపేట దాకా, త్రిసత్రముల దాకా ఎదురొచ్చారు, ఆయనతో కలిసి రోములోకి వెళ్లారు. మత్తయి 25లో కన్యకలూ పెండ్లికుమారుణ్ణి ఎదుర్కోడానికి బయటికి వెళ్లి ఆయనతో కలిసి పెళ్లివిందుకి లోపలికి వస్తారు. థెస్సలొనీకలో విశ్వాసులు ఆ మాట విన్నప్పుడు రాజుకి ఎదురెళ్లడమే వాళ్ల కళ్లముందు మెదిలి ఉంటుందని నా నమ్మకం.

ఇప్పుడు అవతలివాళ్ల వాదన, వాళ్లు చెప్పినంత బలంగానే చెప్పడానికి ప్రయత్నిస్తాను. ప్రకటన 3:10లో ఫిలదెల్ఫియ సంఘానికి ప్రభువు, లోకమంతటి మీదికి రాబోయే శోధన కాలంలో నిన్ను కాపాడతాను అని మాటిచ్చాడు. 1 థెస్సలొనీక 5:9లో దేవుడు మనల్ని ఉగ్రత పాలవడానికి నియమించలేదు అని ఉంది. యోహాను 14లో నేనుండే చోట మీరూ ఉండేలా తీసుకెళ్తాను అన్నాడు. వీటికి తోడు దానియేలు 9లో డెబ్బై వారాలు. అరవై తొమ్మిది వారాలు మెస్సీయతో పూర్తయ్యాయి, ఆయన్ని ఇశ్రాయేలు తిరస్కరించింది కాబట్టి గడియారం ఆగింది, ఆ ఖాళీలో సంఘకాలం నడుస్తోంది, సంఘం వెళ్లిపోయాక చివరి వారం, అంటే ఏడేళ్ల శ్రమలు మొదలవుతాయి అంటారు. మధ్యలో ఖాళీ ఎక్కడుందండీ వచనంలో అని నాలాంటివాళ్లు అడిగితే, లూకా 4 చూపిస్తారు. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా 61 చదువుతూ "ప్రభువు హితవత్సరము" దగ్గర ఆపేసి గ్రంథం చుట్టి ఇచ్చేశాడు. ఆ వెంటనే ఉన్న ప్రతిదండన దినం అనే మాట చదవలేదు. ఒకే వాక్యం మధ్యలో ప్రభువే ఇంత ఖాళీ పెట్టగలిగితే దానియేలులో ఉండకూడదా? ఇది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. ఎన్నాళ్లు ఆలోచించినా దీనికి బరువుందనే అనిపిస్తుంది.

అయినా నేను ఒప్పుకోను, ఎందుకంటే యెషయా లెక్కలు చెప్పలేదు, దానియేలు లెక్కే చెప్పాడు. డెబ్బై అని లెక్క చెప్పినప్పుడు మధ్యలో దాదాపు రెండు వేల ఏళ్లు పెడితే ఇక ఆ లెక్క దేనికి? ప్రకటన 3:10 మాటకొస్తే, కాపాడటం అంటే లోకంలోంచి తీసేయడమే కానక్కర్లేదు. యోహాను 17:15లో ప్రభువే ప్రార్థించాడు కదా, వీళ్లని లోకంలోంచి తీసుకెళ్లమని అడగడం లేదు, దుష్టుడి నుంచి కాపాడమని అడుగుతున్నాను అని.

నా పక్షానికీ గుచ్చుకునే వచనం ఉంది, అది దాచిపెట్టి వాదిస్తే దొంగ వాదన అవుతుంది. మత్తయి 24:34. ఇవన్నీ జరిగేదాకా ఈ తరం గతించదు అన్నాడు. ఇవన్నీ ఎప్పుడో భవిష్యత్తులో జరుగుతాయి అని చెప్పేవాళ్లందరికీ, ముందు అనేవాళ్లకీ తర్వాత అనేవాళ్లకీ, ఈ వచనం అడ్డంగా నిలబడుతుంది. అందుకే కొంతమంది పండితులు, ఇది క్రీ.శ. 70లో రోమా సైన్యం తీతు కింద యెరూషలేముని ముట్టడించి దేవాలయం తగలబెట్టినప్పుడే నెరవేరింది అంటారు. సరిగ్గా ఒక తరం లోపలే. లూకా 21:20లో యెరూషలేము దండులచేత చుట్టబడటం అని స్పష్టంగా ఉంది కూడా. నేనేమంటానంటే, శిష్యులు 24:3లో దేవాలయం కూలడం గురించీ, ఆయన రాకడ గురించీ కలిపి అడిగారు, జవాబులో రెండూ పెనవేసుకుని ఉన్నాయి. ఏ దారం ఎక్కడ తెగుతుందో చూపించమంటే ప్రతి వచనం దగ్గరా చూపించలేను.

ఇంతకీ ఈ వాదన మన ఊరికి ఎలా వచ్చింది? ఇది మనలో చాలామందికి తెలియదు, తెలిస్తే మనం వాదించుకునే తీరు మారుతుంది. సంఘం శ్రమలకు ముందే ఎత్తబడుతుంది అనే బోధని ఒక పద్ధతిగా కట్టి వ్యాప్తి చేసినవాడు జాన్ నెల్సన్ డార్బీ. 1800లో పుట్టి 1882లో చనిపోయాడు. 1831 నుంచి 1833 దాకా ఐర్లాండ్‌లో పవర్స్‌కోర్ట్ అనే చోట ప్రవచనాల మీద మహాసభలు జరిగాయి, అక్కడ ఈ విషయాలు గంటలకొద్దీ చర్చించుకున్నారు. తర్వాత 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు అడుగున నోట్సుతో ఇదే పద్ధతిని అమెరికా అంతటికీ చేర్చింది, అక్కణ్ణుంచి లోకమంతా పాకింది. డార్బీ ఉన్న బ్రదరెన్ సహవాసంలోనే, ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో బోధించే బెంజమిన్ న్యూటన్ డార్బీకి ఎదురు నిలబడి, కాదు, సంఘం శ్రమల్లోంచి వెళ్తుంది అన్నాడు. బ్రిస్టల్‌లో అనాథ పిల్లల్ని పోషించిన జార్జ్ ముల్లర్, మీరందరూ చిన్నప్పటి నుంచి సండేస్కూల్లో వింటున్న ముల్లరే, ఆయనా ఈ విషయంలో డార్బీతో ఏకీభవించలేదు.

1845లో ప్లిమత్‌లో చీలిక వచ్చింది, 1848కల్లా సహవాసం మొత్తం రెండు ముక్కలైంది. ప్రవచనాల గొడవ ఒక్కటే కారణం అనను, సంఘ పరిపాలన గురించి, క్రీస్తు శ్రమల గురించి న్యూటన్ రాసిన రాతల గురించి కూడా పెద్ద తగాదాలున్నాయి. కానీ మొదట ఇద్దరి మధ్యా పడిన పగుళ్లలో ఇదొకటి. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మనకి సంబంధించిన మనిషి ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఇంగ్లండ్‌లో పళ్ల డాక్టరు, ఆ పని వదిలేసి బాగ్దాద్ వెళ్లాడు, అక్కడ 1831 ప్లేగులో భార్యని పోగొట్టుకున్నాడు, 1833లో ఇండియాకి వచ్చాడు. ముల్లర్ భార్య ఈయన చెల్లెలే. 1836లో గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. మీ ఐక్యత రోజురోజుకీ క్రీస్తులో జీవం మీద, ప్రేమ మీద కాకుండా సిద్ధాంతాల మీద, అభిప్రాయాల మీద నిలబడుతోంది అన్నాడు. ఎదుటివాళ్లలో ఉన్న మంచి నుంచి విడిపోవడం కంటే వాళ్ల లోపాలన్నీ భరించడమే నాకు ఎన్నో రెట్లు ఇష్టం అని కూడా రాశాడు. చీలిక రావడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది అప్పటికి. అదే సంవత్సరం ఆయన ఇండియాకి తిరిగొస్తూ వెంట తెచ్చుకున్నవాళ్లే విలియం బౌడెన్, జార్జ్ బీర్. వాళ్లు ముందు మచిలీపట్నంలో ఉండి, ఆ తర్వాత మన నరసాపురం, పాలకొల్లు వైపు వచ్చి పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అలా పుట్టింది. అంటే మన సంఘాలకి విత్తనం తెచ్చిన మనిషి ఆ ఉత్తరం రాసిన మనిషే. నేను ఆ ఉత్తరం చదివిన ప్రతిసారీ, ఇది మనకోసం కూడా రాసి పెట్టినట్టుంది అనుకుంటాను.

పక్కనే చూడండి. రాజమండ్రి నుంచి భీమవరం దాకా లూథరన్ సంఘాలున్నాయి. వాళ్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 1530 నాటిది, దాని 17వ భాగం, పునరుత్థానానికి ముందు భూమ్మీద నీతిమంతులు రాజ్యం ఏలుతారనే బోధని తిరస్కరిస్తుంది. ప్రకటన 20లో వెయ్యేళ్ల పరిపాలన అంటే ఇప్పుడు క్రీస్తు పరలోకం నుంచి ఏలుతున్న కాలమే అని, ఐదో శతాబ్దంలో అగస్టీను అనే వేదాంతి వేసిన దారిలో నడుస్తారు. మనం మాత్రం ఆయన వచ్చాక భూమ్మీద వెయ్యేళ్లు అంటాం. కాకినాడ వైపు 1874లో కెనడా బాప్టిస్టులు మొదలుపెట్టిన సంఘాల్లో రెండు రకాలవాళ్లనీ చూశాను. రెండో శతాబ్దంలో జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత, నేను వెయ్యేళ్ల పరిపాలన నమ్ముతాను అంటూనే, స్వచ్ఛమైన విశ్వాసం ఉన్న క్రైస్తవుల్లో చాలామంది అలా అనుకోరు అని రాశాడు. తర్వాత కొద్దికాలానికే ప్రాణం ఇచ్చాడు. విశ్వాసం కోసం చావడానికి సిద్ధపడ్డ మనిషి, తనతో ఏకీభవించని వాణ్ణి అవిశ్వాసి అనలేదు. మనం మాత్రం ముందా తర్వాతా అని తేలకపోతే పిల్లనిచ్చుకోవడం కూడా మానేస్తున్నాం.

ఇక ముద్ర సంగతి. ప్రకటన 13లో మృగాన్ని ఆరాధించేవాళ్లకి వేస్తారని ఉన్న ముద్ర, ఆ మృగం సంఖ్య 666. దీని గురించి వచ్చిన చీటీల్లో భయం కనిపించింది. ఆధార్ కార్డు మృగం ముద్రేనా, బార్‌కోడ్‌లో 666 ఉందా, టీకా వేయించుకున్నాం, రక్షణ పోయినట్టేనా అని. కరోనా రోజుల్లో ఫోన్లలో తిరిగిన వీడియోల వల్ల మా వీధిలోనే ఒక పెద్దావిడ టీకా వేయించుకోలేదు. ఆవిడ్ని అలా భయపెట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది, దాచుకోను.

ప్రకటన గ్రంథం మొదట ఎవరి చేతికి వచ్చింది? ఇప్పటి టర్కీ పడమటి భాగంలో ఉన్న ఏడు సంఘాలకి. ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. చక్రవర్తికి ధూపం వేయకపోతే ప్రాణం పోయే చోట ఉన్న మనుషులు వాళ్లు. 13:18లో బుద్ధిగలవాడు లెక్కపెట్టాలి అని వాళ్లతో చెప్పాడంటే వాళ్లు లెక్కపెట్టగలిగేదే చెప్పి ఉండాలి. హెబ్రీ అక్షరాలకి అంకెల విలువ ఉంది, నీరో కైసరు పేరుని ఆ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుంది. పేరు చివరి ఒక్క అక్షరం తీసేస్తే 616 వస్తుంది, కొన్ని పాత రాతప్రతుల్లో నిజంగానే 616 అని ఉంది. నీరోతోనే అంతా అయిపోయిందని నేను అనను, చివర్లో అలాంటివాడు ఇంకొకడు వస్తాడనే నమ్ముతాను. కానీ ఆ ఏడు సంఘాల వాళ్లకి అర్థంకాని బార్‌కోడ్ గురించి యోహాను రాశాడంటే మాత్రం నమ్మను. క్రీ.శ. 180 ప్రాంతంలో ఇరేనియస్ అనే బిషప్పు కూడా ఈ అంకెకి సరిపోయే పేర్లు కొన్ని రాసి, వీటిలో ఏదీ ఖాయంగా చెప్పను, ఆ పేరు ఇప్పుడు మనకి తెలియాల్సిందే అయితే దర్శనం చూసినవాడే చెప్పేవాడు అన్నాడు. యోహాను కాలానికి అంత దగ్గరగా ఉన్న మనిషే ఆగిపోయిన చోట మనవాళ్లు ధైర్యంగా పేర్లు చెప్పేస్తున్నారు.

13వ అధ్యాయం చదివి ఆగిపోకండి, 14వ అధ్యాయం మొదటి వచనం కూడా చదవండి. గొర్రెపిల్లతో ఉన్నవాళ్ల నొసళ్ల మీద ఆయన పేరు, తండ్రి పేరు రాసి ఉన్నాయి. 7వ అధ్యాయంలోనూ దేవుని దాసుల నొసళ్ల మీద ముద్ర వేస్తారు. ఈ ముద్ర చర్మం మీద కనిపించేది అని ఎవరూ అనరు కదా. ఎవరిని ఆరాధిస్తున్నావు, ఎవరికి లోబడుతున్నావు అన్నదే దాని అర్థం అంటాం. మరి పక్క అధ్యాయంలోని ముద్ర దగ్గరికొచ్చేసరికి సూది గురించీ చిప్ గురించీ ఎందుకు వెతుకుతాం? తెలియకుండా ఎవరో వేసేస్తే పడిపోయే ముద్ర కాదమ్మా అది. మృగానికి నమస్కారం చేసినవాళ్ల గురించి ఆ మాట. టీకా వేయించుకుని నిద్రపట్టని వాళ్లెవరైనా ఉంటే ఈ రాత్రి హాయిగా పడుకోండి.

తేదీలు చెప్పేవాళ్ల గురించి ఎక్కువసేపు మాట్లాడను. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు, దానియేలు 8:14లోని 2300 దినాలని సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కేశాడు. ఆయన వెంట నడిచినవాళ్లు చివరికి 1844 అక్టోబరు 22 అని నిర్ణయించుకున్నారు. కొందరు రైతులు పంట తీయకుండా పొలంలోనే వదిలేశారు. తెల్లారింది, ప్రభువు రాలేదు, ఆ దుఃఖం వాళ్లు చాలా కాలం మోశారు. 1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడింది కాబట్టి ఒక తరం, అంటే 40 ఏళ్లు కలిపి 1988 అన్నారు. 2011 మే 21 అని హెరాల్డ్ కాంపింగ్ రేడియోలో చెప్తే, విన్నవాళ్లలో కొందరు దాచుకున్న డబ్బంతా ఆ ప్రచారానికి ఇచ్చేశారు. మరుసటి ఏడాది ఆయనే తేదీ పెట్టడం పాపమని ఒప్పుకున్నాడు. "కాలములను సమయములను తండ్రి తన స్వాధీనమందుంచుకొని యున్నాడు, వాటిని తెలిసికొనుట మీ పని కాదు" అని ప్రభువు ఆరోహణమయ్యే ముందు చెప్పి వెళ్లాడు. ఎవరైనా తేదీ చెప్తే, చెప్పేవాడు ఎంత పెద్ద బోధకుడైనా, లేచి బయటికి వచ్చేయండి.

మన దగ్గర ఇంకో రకం ఉంది. గోదావరి పొంగితే అంత్యదినాలు, తుఫాను వస్తే అంత్యదినాలు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు చేరింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకలన్నీ మునిగాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో వచ్చిన తుఫానుకి వెయ్యిమందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు నేలమట్టం అయ్యాయి. అలాంటి ప్రతిసారీ, ఇదిగో సూచన అనే ప్రసంగాలు వస్తాయి, ఇంకా ఘోరంగా, చనిపోయినవాళ్ల పాపం వల్ల అనే ప్రసంగాలూ వస్తాయి. లూకా 13లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులని అనుకుంటున్నారా, కాదు అని ప్రభువు తేల్చేశాడు. మత్తయి 24లో యుద్ధాలు, కరవులు, భూకంపాలు చెప్పి, ఇవి వేదనలకు ప్రారంభం మాత్రమే, అంతం వెంటనే రాదు, కలవరపడకండి అన్నాడు. ఆయన కలవరపడొద్దని చెప్పిన వచనాలతోనే మనం జనాన్ని కలవరపెడుతున్నాం. బిడ్డని పోగొట్టుకున్న తల్లి దగ్గరికి అంత్యదినాల చార్టు పట్టుకెళ్లకండి. బియ్యం పట్టుకెళ్లండి, ఆవిడ పక్కన కూర్చోండి.

మరి శ్రమల తర్వాతే అని నేనెందుకింత గట్టిగా పట్టుకున్నాను, ఏదైతేనేం అనొచ్చు కదా? అనలేను, ఎందుకంటే ఇది విశ్వాసి బతికే తీరు మీద పనిచేస్తుంది. స్ముర్న సంఘానికి ప్రభువు, శ్రమ తప్పిస్తాను అనలేదు, మీకు శ్రమ కలుగుతుంది, మరణం దాకా నమ్మకంగా ఉండు అన్నాడు. అదే స్ముర్నలో తర్వాత కాలంలో అక్కడి బిషప్పు పోలికార్పుని తగలబెట్టారు. క్రీస్తుని దూషించు, వదిలేస్తాం అంటే, 86 ఏళ్లుగా ఆయన్ని సేవించాను, ఆయన నాకు ఏ కీడూ చేయలేదు, నా రాజుని ఎలా దూషించను అన్నాడు. కష్టం రాకముందే మనం వెళ్లిపోతాం అని మాత్రమే విని పెరిగిన పిల్లవాడు, కష్టం ఎదురుగా వచ్చి నిలబడ్డ రోజున దేవుడు మాట తప్పాడు అనుకుంటాడేమో అన్నదే నా టెన్షన్. ముందే అని నమ్మే పెద్దలు దీనికి జవాబు చెప్తారు, ఏ క్షణమైనా ప్రభువు రావచ్చు అనే ఆశే మమ్మల్ని పవిత్రంగా ఉంచుతుంది అంటారు. వాళ్ల జీవితాలు చూశాను, అది నిజమే. అలా ఎదురుచూస్తూ శుభ్రంగా బతికినవాళ్లు నా ఎదురుగానే కూర్చున్నారు.

ఆయన వస్తాడు, కళ్లకు కనిపించేలా వస్తాడు, చనిపోయినవాళ్లు లేస్తారు, తీర్పు ఉంది. దీని మీద డార్బీ, న్యూటన్, లూథర్, అగస్టీను, జస్టిన్ అందరూ ఒక్కటే. దీన్ని కాదన్నవాడితో నేను రాజీపడను. మిగతాదంతా బల్ల దగ్గర కూర్చుని వాదించుకోవలసినదే, బల్ల నుంచి లేపేయవలసినది కాదు.

చివరగా ఒక చీటీ మిగిలింది, దానికి జవాబు చెప్పి కూర్చుంటాను. "ప్రభువు త్వరలో వస్తాడు కదా, డిగ్రీ చదవడం, ఉద్యోగం కోసం కష్టపడటం అవసరమా?" అని. థెస్సలొనీకలో కొందరు సరిగ్గా ఇలాగే పని మానేసి తిరుగుతుంటే పౌలు, పని చేయనొల్లని వాడు భోజనం కూడా చేయకూడదు అని రాశాడు. కాబట్టి ఇది రాసినవాళ్లు ఎవరో గానీ పరీక్ష ఫీజు గడువు దాటిపోకముందే కట్టేయండి, డబ్బు ఇబ్బందైతే కూటం అయ్యాక నాకు చెప్పండి. వచ్చే ఆదివారం దానియేలు 9, లూకా 4 చదువుకుని రండి. ముందే అనే పక్షం పెద్దలు మాట్లాడతారు, నేను మీ మధ్యలో కూర్చుని వింటాను, ప్రశ్నలడిగే వంతు అప్పుడు నాది కూడా.